పుండు చూసే కళ్ళేవీ?

ఇప్పటివాళ్ళకి పుండంటే ట్యూబు. కాలి మీద ఏదో ఎర్రగా లేచిందా, మందుల కొట్టుకి పరుగు. కొట్టులో కుర్రాడు కాలు చూడడు, ఎన్నాళ్ళయిందని అడగడు. వెనక్కి తిరిగి అరలోంచి ట్యూబు తీసి బల్ల మీద పెడతాడు. అందులో స్టెరాయిడు ఒకటి, యాంటీబయాటిక్ ఒకటి, ఫంగస్ మందొకటి, మూడూ కలిపేసి ఉంటాయి. మూడింటిలో దేనికో ఒకదానికి లొంగకపోతుందా అని ధైర్యం. స్టెరాయిడు పడగానే ఎరుపు తగ్గుతుంది, దురద తగ్గుతుంది, నయమైపోయిందని మనిషి సంతోషిస్తాడు. లోపల చీము మాత్రం తన దారిన తాను పాకుతూనే ఉంటుంది. దానికి తోడు మాత్రలు. డాక్టరు చీటీ అక్కర్లేదు, రెండు రోజులకి సరిపడా కత్తిరించి ఇచ్చేస్తారు. యాంటీబయాటిక్ స్ట్రిప్పు మీద నిలువునా ఎర్రగీత ఉంటుంది. చీటీ లేకుండా వాడొద్దని దానికి అర్థం. 2016లో కేంద్ర ప్రభుత్వం ఊరూరా చెప్పింది కూడా. మా వీధి చివర కొట్టులో ఆ గీత మీదే కత్తెర పడుతుంటే చూసి నాకు కడుపు మండుతుంది.

ఇంకో రకం వాళ్ళున్నారు. ఇంగ్లీషు మందంటే పడదు. ఫోనులో ఎవరో పంపిన ఆకు పేరు చూస్తారు, షుగరు ఉన్న ముసలాయన కాలికి ఆ పసరు పూస్తారు, పైన గుడ్డ చుట్టి వారం దాకా విప్పరు. వేపచెట్టు కిందే నిలబడి బస్సు కోసం చూస్తుంటారు, ఇదేం చెట్టు అని అడిగితే తలెత్తి చూసి చెప్పలేరు. వీళ్ళ మీదా వాళ్ళ మీదా నా కోపం ఒక్కటే. పుండుని చూసేవాడు లేకుండా పోయాడు.

మాది కలకత్తా దగ్గర టిటాగఢ్. హుగ్లీ ఒడ్డున టిటాగఢ్, జగద్దల్, భాట్‌పాడా, ఇలా జూట్ మిల్లుల ఊళ్ళన్నిటికీ శ్రీకాకుళం వైపు నుంచీ గంజాం నుంచీ మనవాళ్ళు వచ్చి స్థిరపడ్డారు. మా నాన్న తాంత్ ఘర్‌లో మగ్గం నడిపేవాడు. కూలీ లైన్లో ఒక గది, ముందు అరుగు, అరుగు ముందు మురుగు కాలవ. పుండ్లకి కొరత లేదు. బ్యాచింగ్‌లో నార మెత్తబడటానికి నూనె, నీళ్ళు కలిపి చల్లుతారు. ఆ నూనె రోజూ తగిలి తగిలి ముంజేతుల మీద, తొడల మీద సెగ్గడ్డలు లేచేవి. వానాకాలం లైను అంతా మోకాలి లోతు నీళ్ళు, కాలివేళ్ళ సందులు పాచిపోయి పగుళ్ళు. పిల్లల మోకాళ్ళ మీద చీము పొక్కులు, ఒకడికి వస్తే లైనంతా పాకేవి. ఇవన్నీ మా నాయనమ్మ అరుగు మీదికే వచ్చేవి.

మా నాయనమ్మ ఎవరి దగ్గరా పైసా పుచ్చుకోలేదు. ఆవిడకి తెలిసిన ఆకులు కూడా మహా అయితే రెండు చేతుల వేళ్ళకి సరిపోతాయి. ఇప్పుడు ఏ పుస్తకం తీసినా వందల మొక్కల పేర్లుంటాయి. కానీ ఆవిడ కట్టు కట్టిన తీరు నేను పెద్దాసుపత్రిలో కూడా అరుదుగా చూశాను.

ముందు మనిషిని వెలుగులో కూర్చోబెట్టేది. పాత కట్టు విప్పి దాని వాసన చూసేది. పుండు అడుగు ఎర్రగా ఉందా, పసుప్పచ్చగా ఉందా, నల్లబడిందా? అంచులు లోపలికి దిగుతున్నాయా, పైకి లేచి గట్టిపడ్డాయా? చుట్టూ చర్మం మీద అరచేతి వెనకభాగం ఆనించి వేడి చూసేది. గజ్జల్లో బిళ్ళ కట్టిందేమో అడిగేది. రాత్రి చలి పెట్టిందా అని ఇంట్లోవాళ్ళని అడిగేది. ఇదంతా అయ్యాకే మందు సంగతి.

వేపాకు వేసి తెర్లబెట్టిన నీళ్ళు గోరువెచ్చగా దింపి, పుండు మీద ధారగా పోసి కడిగేది. నీళ్ళు మరగాలి, కాగితే చాలదు. చీము, నీరు బాగా కారే పుండైతే కరక్కాయ దంచి కాచిన కషాయంతో. సెగ్గడ్డ అయితే పచ్చి పసుపు కొమ్ము, లేత వేపాకు కలిపి నూరి చుట్టూ పట్టు వేసేది, నోటి దగ్గర మాత్రం వదిలేసేది. చీము బయటికి పోవాలి కదా. తెగిన గాయానికి గడ్డి చామంతి ఆకు కడిగి, రసం పిండి వేసేది. గాయపాకు అని కూడా అంటాం దాన్ని. కట్టుకి పాత నేతచీర ముక్కలు. వాటిని వేపనీళ్ళలోనే ఉడకబెట్టి, ఎండలో ఆరేసి, మూకుడు మూసిన కుండలో దాచేది. ఆ కుండలో చెయ్యి పెడితే మాకు వీపు విమానం మోతే. సాయంత్రం మళ్ళీ విప్పడం, మళ్ళీ చూడటం. అరికాలి పుండైతే కాలు కింద పెట్టనిచ్చేది కాదు, మిల్లుకి నాగా పడినా సరే. ఆ విషయంలో మగవాళ్ళతో పెద్ద గొడవలే అయ్యేవి.

ఈ ఆకుల్లో మహిమ అంటూ ఏమీ లేదు, కారణాలున్నాయి. కరక్కాయలో, చెట్ల బెరళ్ళలో వగరు ఉంటుంది. ఆ వగరు పుండు పైన మాంసకృత్తుల్ని బిగదీసి పలచటి పొర కడుతుంది, కారటం తగ్గుతుంది. పసుపులో కర్క్యుమిన్‌కి వాపుని అణిచే గుణం ఉంది. వేపకీ పసుపుకీ సూక్ష్మజీవుల్ని కొంత నిలవరించే శక్తి ఉందని ప్రయోగశాల పలకల మీద ఎందరో చూపించారు. కొంత అంటున్నాను, గమనించండి. పలక మీద చచ్చిన సూక్ష్మజీవి, మనిషి కాల్లో లోతుగా దాక్కున్న సూక్ష్మజీవి ఒకటి కాదు. గడ్డి చామంతి అసలు మన నేల మొక్కే కాదు, మధ్య అమెరికా నుంచి వచ్చిన కలుపు. అయినా మన పల్లెల్లో గాయానికి మందయింది. మనవాళ్ళు కొత్తగా కనిపించిన ఆకుని కూడా వాడి చూసి, పనికొస్తేనే ఉంచుకున్నారని నేను దీన్నిబట్టే నమ్ముతాను. తాతలనాటి నుంచి వస్తోంది కాబట్టి గొప్పది అనే మాట మా నాయనమ్మ నోట ఎప్పుడూ వినలేదు.

పక్క పాడాలో, అంటే పక్క పేటలో, బెంగాలీ ఇల్లాళ్ళ దగ్గర ఆవిడ నేర్చుకున్నవీ ఉన్నాయి. కత్తిపీట మీద వేలు తెగితే వాళ్ళు గాందా ఆకు, అంటే బంతాకు, నలిపి అదిమి పట్టేవారు. దూర్వా గడ్డి నమిలి అద్దేవారు. నమలటం మా నాయనమ్మకి గిట్టేది కాదు, ఎంగిలి పుండుకి చేటు అని దూర్వాని రోట్లో దంచేది. ఎంగిట్లో ఎన్ని సూక్ష్మజీవులుంటాయో ఆవిడ చదువుకోలేదు మరి. చెరువు గట్ల మీద పాకే థాన్‌కుని, మన సరస్వతి ఆకు, వాళ్ళు కడుపుకి మంచిదని తినేవారు. మానుముఖం పట్టిన పుండు మీద దాన్ని నూరి వేయడం కూడా వాళ్ళే చూపించారు. 1940ల్లో మడగాస్కర్‌లో ఈ ఆకు నుంచే ఏషియాటికోసైడ్ అనే పదార్థం తీసి కుష్ఠు పుండ్ల మీద వాడి చూశారు. కొత్త చర్మం అల్లుకోవటానికి సాయపడుతుందని ఇప్పటికీ ఆ సారంతో లేపనాలు తయారవుతున్నాయి. కలకత్తా లేక్ మార్కెట్లో థాన్‌కుని కట్టలు ఈనాటికీ దొరుకుతాయి. కానీ చెరువులు పూడ్చేసి అపార్ట్‌మెంట్లు కట్టాక, ఆ ఆకు ఏ మురుగు పక్కన పెరిగిందో ఎవరికి తెలుసు? దాన్ని కడగకుండా తెరిచిన పుండు మీద పెడితే ధనుర్వాతాన్ని పిలిచి పీట వేసినట్టే.

పెద్ద పుండ్లకి కవిరాజులు, అంటే బెంగాల్ ఆయుర్వేద వైద్యులు, ఉండేవారు. ఉత్తర కలకత్తాలో 1916లో అష్టాంగ ఆయుర్వేద కళాశాల పెట్టిన కవిరాజు జామినీ భూషణ్ రాయ్, ఇంగ్లీషు వైద్యంలో ఎంబీ పట్టా కూడా ఉన్న మనిషి. ఆ సంప్రదాయంలో పుండు కడగటానికి పంచవల్కలం ఉంది: మర్రి, రావి, మేడి, జువ్వి, గంగరావి, అయిదింటి బెరళ్ళ కషాయం. పూతకి జాజి ఆకు, వేపాకు, కానుగ, పసుపు వగైరాలు వేసి కాచిన జాత్యాది ఘృతం. సుశ్రుతుడు వ్రణానికి 60 ఉపక్రమాలు చెప్పాడు. అందులో కోయడం ఉంది, చీము తీయడం ఉంది, కడగడం, కట్టు కట్టడం, పథ్యం ఉన్నాయి. ఇవాళ ఆయుర్వేదం పేరు చెప్పి అమ్మేవాళ్ళు అరవైలోంచి ఒక్క పూతని పట్టుకుని డబ్బాలో పెడుతున్నారు. మిగతావి ఎవరు చేస్తారు?

మొక్కల మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి చెప్పాలి. మన తెలుగు నేల మొక్కల పేర్లకి ఈ కలకత్తాతో రెండు శతాబ్దాల బంధం ఉంది. విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండు వైద్యుడు 1780ల్లో మన సామర్లకోటలో ఉండి, చుట్టుపక్కల మొక్కలన్నీ సేకరించి, స్థానిక చిత్రకారుల చేత బొమ్మలు గీయించాడు. 1793లో కలకత్తా పక్కనున్న శిబ్‌పూర్ వృక్షశాస్త్ర వనానికి అధికారిగా వచ్చి 1813 దాకా ఉన్నాడు. ఆయన పుస్తకాల్లో లాటిన్ పేరు పక్కన తెలుగు పేరు, బెంగాలీ పేరు కనిపిస్తాయి. ఆయన పోయాక ఫ్లోరా ఇండికా మొదటి సంపుటాన్ని 1820లో విలియం కేరీ శ్రీరాంపూర్ మిషన్ ప్రెస్సులో అచ్చువేయించాడు. మా టిటాగఢ్ ఘాట్‌లో నిలబడితే నదికి అవతల, కొంచెం ఎగువన ఉన్న ఊరే అది. ఏ మొక్కని ఏమంటారో పల్లెవాళ్ళని అడిగి రాసుకోవటానికి ఒక విదేశీయుడికి ఓపిక ఉంది. ఆ శిబ్‌పూర్ తోటకి ఇవాళ మనవాళ్ళు పిల్లల్ని తీసుకెళ్ళి మహా మర్రి ముందు ఫొటో దిగి వచ్చేస్తారు. మూలకాండానికి బూజు తెగులు పట్టి లోపల కుళ్ళితే 1925లో దాన్ని తీసేశారనీ, ఊడల మీదే చెట్టు నిలబడిందనీ పిల్లలకి ఒక్కరూ చెప్పరు.

ఇప్పుడు అసలు మాట. మా నాయనమ్మ ముట్టుకోని పుండ్లుండేవి. అరికాలిలో గుంట పడింది, చీము కారుతోంది, మనిషి మాత్రం నొప్పి లేదంటూ నడుస్తూనే వచ్చాడు. ఆవిడ మొహం మారిపోయేది. కళ్ళు మూసుకోమని చెప్పి, కోడి ఈకతో పాదం మీద అక్కడక్కడా తాకించి, ఎక్కడ తగిలిందో వేలు పెట్టి చూపించమనేది. చూపించలేకపోతే ఆకు తియ్యదు, పసుపు నూరదు. "ఇది నా ఆకుకి లొంగదు బాబూ. ఆలస్యం చేయకు, ట్రాపికల్‌కి పో" అనేది. ట్రాపికల్ అంటే కలకత్తా స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్. పెద్దరోగం, అంటే కుష్ఠు, అన్న మాట మాత్రం అందరి ముందూ అనేది కాదు.

కుష్ఠు సూక్ష్మజీవిని నార్వేలో హాన్సెన్ 1873లో కనిపెట్టాడు. అది చర్మంలో నరాల్ని పట్టుకుంటుంది. స్పర్శ పోతుంది. మేకు గుచ్చుకున్నా తెలియదు, చెప్పు ఒరిసినా తెలియదు, పుండు మీదే రోజంతా నడుస్తారు. ఒళ్ళు దానంతట అదే కుళ్ళిపోతుందని వెయ్యేళ్ళు నమ్మారు. వెల్లూరులో పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుడు అది నిజం కాదనీ, నొప్పి తెలియకపోవటమే పుండుకి మూలమనీ నిరూపించాడు. బరువు పడకుండా సిమెంటు కట్టు వేసి పడుకోబెడితే ఆ పుండ్లే మానాయి. కాలు కింద పెట్టొద్దని మిల్లువాళ్ళతో దెబ్బలాడిన మా నాయనమ్మ ఈ సంగతి తెలిసినప్పుడు నాకు గుర్తొచ్చింది.

కుష్ఠుకి కూడా ఒక చెట్టు మందు ఉండేది, అది కలకత్తా మీదుగానే ప్రపంచానికి వెళ్ళింది. చాల్మోగ్రా గింజల నూనె గురించి 1854లో ఇక్కడి మెడికల్ కాలేజీ ఆచార్యుడు మౌఆట్ రాశాక పాశ్చాత్య వైద్యులు దాన్ని పట్టించుకున్నారు. తాగితే కడుపులో తిప్పి వాంతులు. చర్మం కిందికి ఎక్కిస్తే గడ్డలు. 1910ల్లో కలకత్తాలో లియోనార్డ్ రోజర్స్ ఆ నూనె నుంచి సూదిమందుగా ఇవ్వదగ్గ లవణాలు తీశాడు. అదే రోజుల్లో హవాయిలో అలిస్ బాల్ అనే నల్లజాతి యువతి మరో పద్ధతి కనిపెట్టి 24 ఏళ్ళకే కన్నుమూసింది. రోజర్స్ పూనికతో లేచిన స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌లో, చిత్తరంజన్ అవెన్యూలో, ఎర్నెస్ట్ మ్యూర్ కుష్ఠు వైద్యం నడిపాడు. అక్కడే రామ్‌నాథ్ చోప్రా మన దేశపు ఓషధుల్ని ఒక్కొక్కటీ పరీక్షించి 1933లో పుస్తకం వేశాడు. పనికిరానివాటిని పనికిరావని రాశాడు కూడా. మన తెలంగాణలో డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ 1915లో మొదలుపెట్టిన ఆసుపత్రిలోనూ ఈ నూనె సూదులే ఆధారం. కొందరికి కొంత తగ్గింది, ఎందరికో తగ్గలేదు. 1940ల్లో డాప్సోన్, 1980ల్లో మూడు మందుల కలయిక వచ్చాకే రోగం నిజంగా లొంగింది.

నేను కుర్రవాడిగా ఉన్నప్పుడే మదర్ తెరెసా మనుషులు టిటాగఢ్ రైలు పట్టాల పక్కన కుష్ఠు రోగులకి వైద్యం మొదలుపెట్టారు. తర్వాత అది గాంధీజీ ప్రేమ్ నివాస్ అయింది. వేళ్ళు పోయిన చేతులతో అక్కడివాళ్ళు మగ్గాలు నేశారు, ఆ సిస్టర్లు కట్టే నీలం అంచు తెల్లచీరలు అక్కడ నేసినవే. అక్కడ నేను చూసింది కూడా అదే. పొద్దున్నే వరసగా కూర్చోబెట్టి, కాళ్ళు నీళ్ళలో నానబెట్టి, ఒక్కొక్క పాదాన్ని ఒళ్ళోకి తీసుకుని చూడటం.

మా రోజుల్లో అంతా బంగారమని నేను అనను. పేడ అద్దిన గాయాలతో ధనుర్వాతం వచ్చి పోయిన పిల్లల్ని చూశాను. జిల్లేడు పాలు పూసి, అదే చెయ్యి కంట్లో పెట్టుకుని విలవిల్లాడిన వాళ్ళున్నారు. నల్లజీడి రసంతో చర్మం కాలి, ఉన్న పుండుకి రెట్టింపు చేసుకున్నవాళ్ళున్నారు. పశ్చిమ ఆఫ్రికాలో, ఘనాలో, బెనిన్‌లో, బురులి పుండు అని ఒకటి వస్తుంది. కుష్ఠు, క్షయల జాతి సూక్ష్మజీవే దానికి కారణం. అది విడుదల చేసే విషం నొప్పిని కూడా చంపేస్తుంది. అక్కడి పల్లెవాళ్ళు నాటువైద్యుడి ఆకుల కట్టుతో నెలలు గడిపి, చేతులూ కాళ్ళూ బిగుసుకుపోయాక ఆసుపత్రికి వచ్చేవారు. రెండు యాంటీబయాటిక్‌లు ఎనిమిది వారాలు వాడితే నయమయ్యే జబ్బది. ఇది నా ఆకుకి లొంగదు అని తొలిరోజునే చెప్పగలిగిన మనిషి ఊరికొకరు ఉంటే ఎన్ని కాళ్ళు మిగిలేవో!

యాంటీబయాటిక్‌లంటే నాకు పగ లేదు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, ఆ తర్వాత అమెరికా వెళ్ళాడు. ఆయన నడిపిన పరిశోధనశాల నుంచే, మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి, 1948లో ఆరియోమైసిన్ లోకానికి వచ్చింది. అదే ఏడు ఆయన పోయాడు. అంతటి మనుషులు ప్రాణాలు ధారపోసి తెచ్చిన మందుని నాలుగు మాత్రల చొప్పున విడిగా అమ్మి, సగం వాడి, సగం పారేసి, సూక్ష్మజీవులకి మనమే సాము నేర్పిస్తున్నాం. రేపు నిజంగా అవసరమైన రోజున అది పనిచేయకపోతే ఏ ఆకు దిక్కు?

ఇప్పుడు లైన్లలో కుష్ఠు పుండ్లు తగ్గాయి. వాటి చోటులోకి షుగరు పుండు వచ్చింది. ఇదీ నొప్పి లేనిదే. బూటులోపల, మేజోడు లోపల, ఎవరూ చూడని చోట పుడుతుంది. మా చుట్టాల్లో ఒకాయన, పెద్ద చదువు, పెద్ద ఉద్యోగం, మడమ దగ్గర పుండుకి నెల రోజులు ట్యూబు రాశాడు. కోడలు ఫోనులో చూసి కలబంద పెట్టింది. వాసన వచ్చాక గానీ ఇంట్లోవాళ్ళు కాలు సరిగా చూడలేదు. రెండు వేళ్ళు తీసేశారు. ఇంటి నిండా మనుషులున్నారు, మంచి దీపాలున్నాయి. రోజూ రాత్రి ఆయన పాదాలు దీపం దగ్గర పట్టుకుని చూసే మనిషి ఒక్కరు లేరు.

పాల్ బ్రాండ్ తర్వాత అమెరికాలో కార్విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్ళాడు. అక్కడ స్పర్శ కొలిచిన నైలాను పోగులనే ఇవాళ షుగరు వైద్యులు పాదం మీద ఆనించి చూస్తున్నారు. 10 గ్రాముల ఒత్తిడికి వంగే పోగు అది. అది తగిలినట్టు తెలియకపోతే ఆ పాదం ప్రమాదంలో ఉన్నట్టు. మా నాయనమ్మ కోడి ఈక పనే. మా తెలుగు సంఘం వాళ్ళు ఏటా ఉగాదికి పాటలు, పులిహోర, సన్మానాలు పెడతారు. ఈసారి ఒక నర్సమ్మని పిలిచి, ఆ పోగు తెప్పించి, అరవై దాటిన ప్రతివాళ్ళ పాదాలూ చూపించండని కమిటీని పట్టుకున్నాను. పండగ పూట అందరి ముందూ బూట్లు విప్పమంటే పెద్దవాళ్ళు చిన్నబుచ్చుకుంటారని కార్యదర్శి నసిగాడు. గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని నేను కూర్చుంటాను, విప్పించే పూచీ నాది, నువ్వు నర్సమ్మకి కబురు పెట్టు నాయనా అన్నాను.